లిపిడ్ రిపోర్టు వచ్చాక టోటల్ దగ్గరే ఆగిపోకండి

తెనాలిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. లిపిడ్ రిపోర్టు, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష ఫలితం, చేతికి రాగానే చాలామంది మొదటి వరుసలో టోటల్ కొలెస్ట్రాల్ చూసుకుంటారు. 200 లోపు ఉంటే కాగితం మడిచేస్తారు. అది చాలదండీ.

ఒకాయనకి టోటల్ 190, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 30, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 250 వచ్చాయనుకుందాం. 190లోంచి 30 తీసేయండి, 160. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల్లో పేరుకునే రకం కొలెస్ట్రాల్ అంతా ఇందులోనే ఉంటుంది. మామూలు మనిషికి ఇది 130 లోపు ఉండాలి. గుండెపోటు వచ్చినవాళ్లకీ స్టెంటు వేయించుకున్నవాళ్లకీ ఇంకా బాగా తక్కువ ఉండాలి. టోటల్ బాగున్నా ఈయన డాక్టర్‌ని కలవాల్సిందే. మనవాళ్లలో హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ ఉండే రిపోర్టులు మామూలే కాబట్టి ఈ చిన్న తీసివేత తప్పకుండా చేసుకోండి.

ఎల్‌డీఎల్‌ని, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ని, చాలాచోట్ల నేరుగా కొలవరు, లెక్క కడతారు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతునీ తీసేస్తారు. పై లెక్కలో 110 వస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్కని నమ్మలేం, డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయమని అడగండి. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పాక పైన తేలే సీరం అనే ద్రవం లేత పసుపుగా, తేటగా కనబడాలి. ట్రైగ్లిజరైడ్స్ బాగా పెరిగినవాళ్లది పాలలా తెల్లగా వస్తుంది. 500 దాటితే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాచే ప్రమాదం కూడా ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకండి.

ఎల్‌డీఎల్ 190 దాటి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే అది వంశపారంపర్యం కావచ్చు. పిల్లలకీ పరీక్ష చేయించాలేమో డాక్టర్‌ని అడగండి.

పరీక్ష ఉందని నాలుగు రోజుల ముందు నుంచీ నూనె మానేసి రావద్దు, రోజూ తినేదే తినండి. పరగడుపున రమ్మంటే మంచినీళ్లు తాగొచ్చు. ముందురోజు మాత్రం మద్యం ముట్టొద్దు.

ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువుంటే నూనె ఒక్కటే తగ్గిస్తే సరిపోదు. అన్నం, స్వీట్లు, మద్యం తగ్గించి, పప్పూ కూరా ఎక్కువ వేసుకోండి. నూనె ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని చూసి మురిసిపోకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది చెప్పుకోదగ్గంత ఉండదు. చూడాల్సింది ఎల్‌డీఎల్‌ని పెంచే శాచ్యురేటెడ్ కొవ్వు ఎంతుందన్నది. పామాయిల్‌లో దాదాపు సగం అదే.

"నార్మలే కదమ్మా, ఇంక కొలెస్ట్రాల్ మాత్రెందుకు?" అని అడిగే పెద్దవాళ్లు చాలామంది. ఆ అంకె దిగింది మాత్ర వల్లే, మానేస్తే మళ్లీ ఎక్కుతుంది. ఒళ్లునొప్పులొస్తే మీ అంతట మీరు ఆపకుండా డాక్టర్‌కి చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. మాత్ర మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయించుకుని, పాత రిపోర్టు కూడా పట్టుకెళ్లండి.