డార్జిలింగ్ స్టీమ్ ఇంజిన్ మొరాయిస్తే ఏం చూడాలి

డార్జిలింగ్ కొండ లైన్‌లో తిరిగే బీ క్లాస్ ఇంజిన్లది 1889 నాటి డిజైన్, పట్టాల మధ్య 610 మి.మీ. వెడల్పు, బొగ్గు మంట. ఏ తేడా వచ్చినా ముందు బొగ్గునే తిడతారు గానీ, చాలాసార్లు అసలు సంగతి నీళ్ల దగ్గరో గాలి దగ్గరో ఉంటుంది.

చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలట్లేదు

పట్టాలు తడిసుంటాయి. ఆ కొండల్లో పొగమంచు పట్టినా చాలు. అందుకే ఇంజిన్ ముందు మనుషులు కూర్చుని చేత్తో ఇసుక చల్లుతారు, చూడ్డానికి సరదాగా ఉంటుంది గానీ చాలా అవసరమైన పని. చక్రం జారుతుండగానే మాత్రం ఇసుక వేయకూడదు, ఒక్కసారిగా పట్టు దొరికితే ఆ దెబ్బంతా చక్రాల్ని తిప్పే రాడ్ల మీద పడుతుంది. ముందు రెగ్యులేటర్ (సిలిండర్లకి ఆవిరి వదిలే వాల్వు) మూసి, జారడం ఆగాక పొడి ఇసుక వేసి, మెల్లగా తెరవాలి.

ప్రెజర్ పడిపోతోంది

ఆవిరి ప్రెజర్ చూపించే గేజ్ ముల్లు దిగగానే కంగారుపడి పారతో బొగ్గు కుమ్మరిస్తే పని ఇంకా చెడుతుంది. నల్లటి పొగ దట్టంగా వస్తుంటే బొగ్గు ఎక్కువై గాలి చాలట్లేదని, ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పెట్టె) తలుపు కాస్త తెరిచి కొంచెం కొంచెంగా వేయండి. పొగ పెద్దగా లేకుండానే మంట డల్ అయితే క్లింకర్ కట్టిందేమో చూడాలి, అంటే బూడిద కరిగి బొగ్గు కింది ఇనప జాలీ (గ్రేట్) మీద పెచ్చులా గడ్డకట్టి కింది గాలిని ఆపేస్తుంది. పొడవాటి ఇనప కడ్డీతో పగలగొట్టి బయటికి లాగేయడమే.

ఇంజెక్టర్ నీళ్లు లాగట్లేదు

ఇంజెక్టర్ అంటే ఆవిరి జోరుతో బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే పరికరం. ఈ ఇంజిన్లకి ఒక ట్యాంకు బాయిలర్ మీదే కూర్చుని ఉంటుంది కదా, అందులో నీళ్లు వేడెక్కితే ఇంజెక్టర్‌లో ఆవిరి సరిగా చల్లబడదు, నీళ్లు బాయిలర్‌లోకి పోకుండా బయటికి పారతాయి. ఆవిరి కట్టేసి ఇంజెక్టర్ మీద చన్నీళ్లు పోసి మళ్లీ ట్రై చేయండి. అప్పటికీ మాట వినకపోతే పైపులో గాలి లీకో, లోపలి కోన్లకి (సన్నటి గొట్టాలకి) పాచిలా పట్టిన సున్నమో అయ్యుంటుంది, అది షెడ్‌లో చూసుకునే పని.

చిమ్నీలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి

దీన్నే ప్రైమింగ్ అంటారు. బాయిలర్ మరీ నిండినా, నీళ్లు మురికిగా ఉన్నా, రెగ్యులేటర్ ఒక్కసారిగా లాగినా వస్తుంది. వెంటనే రెగ్యులేటర్ తగ్గించి సిలిండర్ కాక్‌లు (లోపలి నీళ్లు బయటికి వదిలే కుళాయిలు) తెరవండి, నీళ్లు నొక్కితే నొక్కబడవు, సిలిండర్ కవరే పగులుతుంది.

గ్లాసులో నీళ్ల మట్టం ఉన్నట్టుండి మారింది

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. గ్లాసంటే బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం. చిమ్నీ ముందుగా ఎత్తు ఎక్కుతుంటే నీళ్లు వెనక్కి, క్యాబ్ వైపు జరుగుతాయి, అసలు ఉన్నదానికన్నా గ్లాసులో ఎక్కువ కనిపిస్తుంది. 2,258 మీటర్ల ఎత్తున్న ఘుమ్ దాటి ముక్కు కిందికి వాలగానే అవే నీళ్లు ముందుకి పోతాయి, ఫైర్‌బాక్స్ పైకప్పు మీద నీళ్లు పలచబడతాయి. అందుకే శిఖరం దాటకముందే ఇంజెక్టర్ పెట్టుకోవాలి, అలాగని ప్రైమింగ్ వచ్చేంత నింపకూడదు, డ్రైవర్ పనితనం తెలిసేది ఇక్కడే. గ్లాసులో మట్టం అసలు కనిపించక, పైకప్పు మీద నీళ్లున్నాయో లేదో తేలకపోతే, నీళ్లు లేక కాలిన ఆ పైకప్పు రేకు మీద చన్నీళ్లు ఎక్కించొద్దు, బండి ఆపి, మండే బొగ్గంతా ఫైర్‌బాక్స్‌లోంచి తీసేయండి.