నిమ్మమొక్క ముందు పీట వేసుకుని

మా తెనాలి ఇంటి పెరట్లో ఫోన్ పట్టుకుని తిరిగిన మొదటి ఏడాది నాకు దక్కినవన్నీ ఖాళీ ఆకుల ఫొటోలే. సీతాకోకచిలుక వాలేది, నేను పరిగెత్తేదాన్ని, అది ఎగిరిపోయేది. ఇప్పుడు పొద్దున్నే ముగ్గు వెయ్యడం అయ్యాక నిమ్మమొక్క ముందు పీట వేసుకుని కూర్చుంటాను. మీరూ అంతే చెయ్యండి. పెరడంతా తిరక్కుండా ఒక్క మొక్క ఎంచుకోండి.

నిమ్మ గానీ కరివేపాకు గానీ ఉంటే మరీ మంచిది, గుడ్లు పెట్టడానికి సీతాకోకచిలుకలు వెతుక్కుంటూ వస్తాయి. లేత చిగుళ్ల మీద చూడండి, ఆవగింజలో సగం ఉండే పసుపు గుడ్డు కనిపిస్తుంది. అందులోంచి వచ్చే పిల్ల పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. మా అత్తయ్యగారు కొన్నాళ్లు రెట్టే అనుకున్నారు. అవే పెరిగి ఆకుపచ్చ గొంగళిపురుగులయ్యాక మాత్రం "చెట్టంతా బోడి చేస్తున్నాయి, ఏరి పారెయ్యమ్మా" అని ఒకటే పోరు. చివరికి గోడవైపు రెండు కొమ్మలు నాకు, మిగతా చెట్టు ఊరగాయకి అని ఒప్పందం కుదిరింది. ఆ పురుగుని కదిపితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఫొటోకి బాగుంటుందని పుల్లతో పొడవకండి, అది బెదిరితేనే అలా చేస్తుంది.

వేళ 6.30 నుంచి 8 లోపు. చల్లదనానికి పురుగులు మందంగా ఉంటాయి, వెలుగూ మెత్తగా ఉంటుంది. మీ నీడ వాటి మీద పడకుండా కూర్చోండి.

ఫోన్ ఏదైనా ఫరవాలేదు. దగ్గరి ఫొటోలకని చవక ఫోన్లలో ఇచ్చే రెండు మెగాపిక్సెల్ మాక్రో కెమెరాని మాత్రం మర్చిపోండి. మెయిన్ కెమెరాతో జానెడు దూరం నుంచి తీసి, తర్వాత చుట్టూ కత్తిరించుకుంటే అంతకన్నా నయం. పురుగు కంటి మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది. ఆ తర్వాత స్క్రీన్ ముట్టుకోకుండా, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ఫోన్‌నే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ వరసగా ఇరవై తియ్యండి. ఒకటి కుదురుతుంది. రెక్కలు ముడుచుకుని వాలిన సీతాకోకచిలుకకైతే ఫోన్‌ని సరిగ్గా రెక్కకి సమాంతరంగా పట్టుకోవాలి, లేకపోతే సగం రెక్క మసకే.

చేయి తిరగాలంటే గోడమీద గెంతే సాలీడుతో మొదలుపెట్టండి. పారిపోకుండా మీ వైపే తిరిగి ముందున్న రెండు పెద్ద కళ్లతో చూస్తుంది. గూడు మధ్యలో తలకిందులుగా కూర్చునే సాలీడుకైతే వెనక నల్ల గొడుగు తెరిచి పెడతాను, దారాలు వెండితీగల్లా వస్తాయి.

చిక్కుడుపాదుకి పేనుబంక పడితే మందు కొట్టకండి. వాటిని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. అక్షింతల పురుగు వీపు అద్దం లాంటిది, ఆకాశమూ మీ ఫోనూ అందులోనే కనబడతాయి. ఎండకి అడ్డంగా పాత తెల్ల పంచె ఒకరిని పట్టుకోమనండి, మెరుపు తగ్గుతుంది. (మావారు ఈ ఉద్యోగానికి జీతం అడుగుతున్నారు.)

తొలకరి పడ్డాక ఆరుద్ర పురుగు కనబడితే, ఫోన్‌ని తలకిందులు చేసి నేలకి ఆనించండి. కెమెరా కిందికి వస్తుంది కాబట్టి దాని ఎత్తు నుంచే చూసినట్టుంటుంది. ఆ ఎరుపు ఫోన్‌కి భరించరానిది. స్క్రీన్ మీద వచ్చే వెలుగు మీట కిందికి జరపకపోతే మఖమలు పోయి ఎర్ర ముద్ద మిగులుతుంది.

పేరు తెలియకపోతే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, మొక్కది ఒకటి తీసి, జీవుల పేర్లు గుర్తుపట్టడానికి సాయం చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. ఇంటి చోటు కచ్చితంగా కనబడకుండా దాచే వీలుంది, అది మర్చిపోకండి.

ఇక నా ఆశంతా ప్యూపా మీద, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారడానికి డొల్లలో ఉండే దశ మీద. సన్నని దారంతో నడుము కట్టుకుని కొమ్మకి ఆనుకుని ఉంటుంది. కొమ్మ గాలికి ఊగుతుంటే కింద ఒక కర్ర పాతి, ప్యూపాకి దూరంగా బట్టల క్లిప్పు పెట్టండి. రోజూ రంగు చూస్తూ ఉండండి. నల్లబడి, లోపలి రెక్కల మచ్చలు బయటికి కనబడ్డాయంటే చాలావరకు మర్నాడు పొద్దున్నే పగులుతుంది. మొదటిసారి గంటన్నర కూర్చున్నాను. పాలు పొంగాయని లోపలికి వెళ్లి వచ్చేసరికి ఖాళీ డొల్ల, పక్కన తడి రెక్కలతో అది. రెండోసారి పొయ్యి వెలిగించకుండానే కూర్చున్నాను. బయటికి రావడం నిమిషాల పని, అది దొరకాలంటే చూపు తిప్పకూడదు. రెక్కలు విచ్చుకుని ఆరడానికి మాత్రం చాలాసేపు పడుతుంది, అంతసేపూ కొమ్మని వదలదు. ముట్టుకోకండి. పాలు అప్పుడు పెట్టుకోవచ్చు.