విజిట్ ముందు స్కానర్‌తో ఒక చుట్టు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు సూపర్‌మార్కెట్ స్టోర్లలో పనిచేసేవాళ్లకి. హెడ్డాఫీసు నుంచి సార్లొస్తున్నారనగానే అందరూ తుడుపుగుడ్డ పడతారు. ముందు బార్‌కోడ్ స్కానర్ పట్టండి. ఆఫర్ అయిపోగానే సిస్టంలో రేటు మారిపోతుంది, అర అంచున రేటు చీటీ మాత్రం పాతదే వేలాడుతుంటుంది. వచ్చినాయన ఏదో ఒక పాకెట్టు తీసి బిల్లు కొట్టించాడా, దొరికిపోతాం. ఆఫర్ సరుకు మొత్తం, మిగతా అరల్లో రెండేసి చొప్పున స్కాన్ చేసి చీటీతో సరిచూసుకోండి. షట్టర్ దించాక చేస్తే మేలు.

ఒడియా ఆఫర్ బోర్డుల్ని మన తెలుగు స్టాఫ్ పట్టించుకోరు. ఒడియా బాగా చదివేవాళ్లచేత రేటు, ఆఖరి తేదీ పైకి చదివించండి.

అర నిండుగా కనబడాలని హడావిడిగా సర్దితే కొత్త సరుకు ముందుకొచ్చి పాతది వెనక ఇరుక్కుంటుంది. చెయ్యి లోపలికి పెట్టి వెనక పాకెట్టు తేదీ చూడండి. పాలు, పెరుగు, బ్రెడ్డు విజిట్ రోజు పొద్దున్నే ఇంకోసారి.

గోడౌన్‌లో కరెంటు ప్యానెల్‌కి అడ్డంగా అట్టపెట్టెలుంటే తీసేయండి. మంటలార్పే సిలిండర్ మీటర్లో ముల్లు పచ్చగీతలో ఉండాలి.