వాటర్ క్యాన్ మోస్తే పని జరిగినట్టా కాదా? ఫిజిక్స్‌లో వర్క్ లెక్క ఇలా వేయండి

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ పాప తొమ్మిదో క్లాస్, మొన్న పుస్తకం పట్టుకొచ్చి "అంకుల్, బరువు పట్టుకుని నడిస్తే వర్క్ సున్నా అంట, మరి చెయ్యి ఎందుకు లాగేస్తుంది?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న, ఈ చాప్టర్‌లో చాలామంది తడబడేది అక్కడే.

మనం పడ్డ కష్టం వేరు, ఫిజిక్స్ లెక్కపెట్టే పని వేరు. అందుకే ఫార్ములా జోలికి పోకముందే "ఏ బలం చేసిన పని?" అని అడగండి, ఒక్క బలాన్నే పట్టుకుని, వస్తువు ఎటు ఎంత జరిగిందో చూసి, బలాన్నీ ఆ దూరాన్నీ రెండు దిశల మధ్య కోణం కాస్ (అంటే ట్రిగొనోమెట్రీలో కొసైన్) విలువనీ గుణించండి.

20 లీటర్ల వాటర్ క్యాన్ తీసుకోండి. నీళ్లు 20 కేజీలు, క్యాన్ బరువు వదిలేస్తే మనం పైకి పెట్టాల్సిన బలం 20 × 9.8 (గ్రావిటీ వల్ల వచ్చే త్వరణం) అంటే 196 న్యూటన్లు. లిఫ్ట్ ఆగిపోయి మెట్ల మీదుగా 9 మీటర్ల పైకి మోశారనుకోండి, మీరు చేసిన పని 196 × 9, అంటే 1764 జౌల్స్ (పనిని కొలిచే యూనిట్), మెట్లు ఎన్ని మలుపులు తిరిగినా ఇంతే ఎందుకంటే ఇక్కడ లెక్కలోకొచ్చేది ఎత్తు ఒక్కటే. అదే టైంలో గ్రావిటీ కిందకి లాగుతోంది, క్యాన్ పైకి పోతోంది, కాబట్టి దాని పని మైనస్ 1764. ఈ మైనస్ దగ్గరే మార్కులు పోతాయి, జాగ్రత్త.

ఇప్పుడు కారిడార్‌లో ఒకే వేగంతో తిన్నగా నడవండి. చేతి బలం పైకి, కదలిక అడ్డంగా, కోణం 90 డిగ్రీలు, కాస్ 90 సున్నా, పని సున్నా. మరి నొప్పి? బరువు పట్టుకున్నంతసేపూ కండరాల్లోని పోగులు లోపల బిగుసుకుంటూ వదులవుతూనే ఉంటాయి, తిన్న తిండిలోని శక్తి అలా వేడిగా పోతుంది, క్యాన్‌కి మాత్రం ఏమీ చేరదు. అదే క్యాన్‌ని టేబుల్ మీద పెడితే టేబుల్ ఏ శక్తీ ఖర్చు పెట్టకుండా రోజంతా మోస్తుంది కదా.

కోణం మధ్యలో ఉంటే మెజెస్టిక్ బస్టాండ్‌లో ట్రాలీ బ్యాగ్ లాగడం గుర్తుతెచ్చుకోండి. 40 న్యూటన్లతో, నేలకి 60 డిగ్రీల కోణంలో, 100 మీటర్లు లాగితే కాస్ 60 అర కాబట్టి 2000 జౌల్స్. బ్యాగ్ వేగం మారకపోతే వెనక్కి లాగే ఫ్రిక్షన్ చేసిన పని ఎంత అని పాపని అడిగా, కాసేపు ఆలోచించి మైనస్ 2000 అంది, మైనస్ కూడా తనే పెట్టింది.