పాత స్కజీ హార్డ్ డిస్క్‌కి జంపర్లు సరిగ్గా పెట్టుకోవడం ఎలా

పాత సర్వర్‌లోంచో పాత మ్యాక్‌లోంచో తీసిన స్కజీ (ఎస్‌సీఎస్ఐ, ఒకే కేబుల్ మీద చాలా డిస్క్‌లు కలిపే పాత పద్ధతి) డిస్క్‌కి కేబుల్ తగిలిస్తారు, అది కనపడదు, ఇంక పోయిందిలే అని పాత సామాన్ల వాడికి వేసేస్తారు, దయచేసి అంత తొందరపడకండి. ఐడీఈ (మామూలు పాత పీసీ) డిస్క్‌లా మాస్టరా స్లేవా అని ఒక్క జంపర్‌తో (రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) తేలిపోయేది కాదిది, ఐడీ (కేబుల్ మీద ఆ డిస్క్ నంబర్), టర్మినేషన్ (కేబుల్ కొసల్ని మూయడం), టర్మ్ పవర్ (ఆ మూతకి కరెంటు), మోటార్ స్టార్ట్ ఈ నాలుగూ కుదరాలి, ఒక్కటి తేడా కొట్టినా బాగున్న డిస్కే చచ్చినట్టు కనపడుతుంది. నేను ఇక్కడ సీగేట్ బారాకుడా, చీటా డిస్క్‌లు, కంప్యూటర్‌లో పెట్టే అడాప్టెక్ 2940 రకం స్కజీ కార్డు ఇవి పెట్టుకుని చెప్తున్నా, వేరే కంపెనీవైతే డిస్క్ మీద స్టిక్కర్ చూసుకోండి.

ముందు మోడల్ నంబర్ చివరి అక్షరాలు చదవండి. సీగేట్‌లో ఎన్ అంటే 50 పిన్నులు, డబ్ల్యూ అంటే 68, ఎల్‌డబ్ల్యూ అంటే 68 పిన్నుల ఎల్‌వీడీ (లో వోల్టేజ్ డిఫరెన్షియల్, ఒక్కో సిగ్నల్‌కి రెండు తీగలు వాడే తర్వాతి రకం), ఎల్‌సీ అంటే 80 పిన్నుల ఎల్‌వీడీ, ఉదాహరణకి ఎస్‌టీ39102ఎల్‌డబ్ల్యూ అనేది 9.1 జీబీ చీటా. 80 పిన్నుల డిస్క్‌కి ఐడీ సర్వర్ బ్యాక్‌ప్లేన్ (డిస్క్‌లు నేరుగా గుచ్చుకునే బోర్డు) నుంచే వస్తుంది, మామూలు కేబుల్‌కి తగిలించాలంటే అడాప్టర్ కొనాలి, ఐడీ జంపర్లు ఆ అడాప్టర్ మీదే ఉంటాయి. చివర డబ్ల్యూడీ అని ఉంటే మాత్రం ఆగండి, అది హై వోల్టేజ్ డిఫరెన్షియల్, మామూలు కార్డుకి అస్సలు కలపకూడదు, సామాను కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఐడీ. పవర్ తీసేసి, క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని అప్పుడు డిస్క్ పట్టుకోండి. ఏ0, ఏ1, ఏ2, ఏ3 అని నాలుగు జతల పిన్నులు ఉంటాయి, వాటి విలువలు వరసగా 1, 2, 4, 8, జంపర్ పెట్టినవాటిని కూడితే వచ్చేదే ఐడీ. ఏ0, ఏ2 పెడితే 5, ఏ1, ఏ2 పెడితే 6, ఏదీ పెట్టకపోతే 0. పక్కనే ఎల్ఈడీ పిన్నులు, రిజర్వ్‌డ్ పిన్నులు కూడా ఉంటాయి కాబట్టి ఎడమ నుంచి లెక్కేసుకుంటూ పోకండి, బొమ్మ చూసి పెట్టండి. చాలా సీగేట్ డిస్క్‌లకి ఐడీ పిన్నులు ముందు వైపు ఒకచోట, వెనక కనెక్టర్ పక్కన ఇంకోచోట ఉంటాయి, ఏదో ఒకచోటే వాడాలి. ఇంకోటి, ఈ పిన్నులు చాలా మోడల్స్‌లో 2 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, మదర్‌బోర్డు జంపర్ 2.54ది, అది తెచ్చి బలవంతంగా నొక్కితే పిన్ను వంగిపోతుంది, చిన్న సైజు జంపరే వెతికి సన్నటి పట్కారుతో పెట్టండి.

7 కార్డుకి వదిలేయండి. బస్‌లో (కార్డు, డిస్క్‌లు అన్నీ పంచుకునే దారి) 7కే ఎక్కువ ప్రాధాన్యం, తర్వాత 6 నుంచి 0 దాకా, ఆ తర్వాతే 15 నుంచి 8 దాకా. బూట్ డిస్క్‌ అయితే పీసీల్లో, మ్యాక్‌ల్లో 0 పెట్టడం అలవాటు, పాత సన్ స్పార్క్‌స్టేషన్‌లలో 3. పొరపాటున డిస్క్‌కి కూడా 7 పెడితే కార్డు చేసే స్కాన్‌లో అన్ని ఐడీల్లోనూ అదే డిస్క్ కనపడుతుంది, అలా వచ్చిందంటే ఐడీ గొడవే అని అర్థం.

ఎక్కువమందిని ఏడిపించేది టర్మినేషన్. కేబుల్ రెండు కొసల్లోనూ టర్మినేటర్ (సిగ్నల్‌ని అక్కడే పీల్చేసే భాగం) ఉండాలి, మధ్యలో ఎక్కడా ఉండకూడదు, అంతే రూలు, అది లేకపోతే సిగ్నల్ కొసకెళ్ళి గోడకి కొట్టిన బంతిలా వెనక్కి తిరిగొచ్చి డేటాని చెడగొడుతుంది. పాత సింగిల్ ఎండెడ్ (ఎస్ఈ, ఒక్కో సిగ్నల్‌కి ఒకే తీగ వాడే) డిస్క్‌లలో టీఈ అనే జంపర్ ఉంటుంది, ఆ డిస్క్ కేబుల్ చివర్లో ఉంటేనే పెట్టండి, మధ్యలో ఉంటే తీసేయండి. ఎల్‌వీడీ డిస్క్‌లలో లోపల టర్మినేటరే ఉండదు, టీఈ కోసం వెతికి లాభం లేదు, కేబుల్ చివరి కనెక్టర్‌కి ఎల్‌వీడీ-ఎస్ఈ టర్మినేటర్ తగిలించి డిస్క్‌ని దాని ముందు కనెక్టర్‌లో పెట్టాలి. కార్డుకి లోపలి కేబుల్, బయటి కేబుల్ రెండూ ఉంటే కార్డు మధ్యలో ఉన్నట్టు, అప్పుడు కార్డు టర్మినేషన్ ఆపాలి, ఒకటే కేబుల్ ఉంటే ఆన్‌లో ఉంచాలి. నా అభిప్రాయం అడిగితే డబ్బు పెట్టాల్సింది మంచి యాక్టివ్ టర్మినేటర్ (వోల్టేజ్‌ని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ ఉన్నది) మీదే.

టీపీ జంపర్ పెడితే డిస్క్ బస్‌కి టర్మినేటర్ పవర్ ఇస్తుంది, మామూలుగా కార్డే ఇస్తుంది కాబట్టి తీసేసి ఉంచండి. ఎల్‌వీడీ డిస్క్ మీద ఎస్ఈ అనే జంపర్ ఉంటే అది కూడా తీసేయండి, అది ఉంటే డిస్క్ బలవంతంగా పాత ఎస్ఈ మోడ్‌కి పడిపోతుంది. ఒక్క పాత ఎస్ఈ డిస్క్ కలిపినా బస్ మొత్తం అదే మోడ్‌కి దిగుతుంది, ఎల్‌వీడీలో 12 మీటర్ల దాకా వెళ్ళే కేబుల్ అల్ట్రా స్పీడ్‌లో 1.5 మీటర్లకి, నాలుగు డివైస్‌ల లోపైతే 3 మీటర్లకి తగ్గిపోతుంది. డబ్ల్యూపీ జంపర్ రాయనివ్వదు, లోపల ముఖ్యమైన డేటా ఉందనుకుంటే ముందు ఇది పెట్టేయండి.

డిస్క్ అసలు తిరగట్లేదా? ఎంఈ జంపర్ ఉంటే కార్డు స్టార్ట్ కమాండ్ పంపేదాకా మోటార్ కదలదు, డీఎస్ ఉంటే ఐడీని 12తో గుణిస్తే వచ్చినన్ని సెకన్లు ఆగి తిరుగుతుంది, అంటే ఐడీ 5 అయితే పూర్తిగా ఒక నిమిషం. ఈలోపు స్విచ్ ఆపేసి డిస్క్ పోయింది అనేసుకుంటారు. ఒకటే డిస్క్ ఉంటే రెండూ తీసేయండి, పవర్ రాగానే తిరుగుతుంది. ఐబీఎం డిస్క్‌లలో చాలావాటికి ఇది తిరగబడి ఉంటుంది, ఆటో స్పిన్ జంపర్ పెడితేనే దానంతటది తిరుగుతుంది.

అన్నీ అయ్యాక బూట్ అయ్యేటప్పుడు కంట్రోల్, ఏ నొక్కి అడాప్టెక్ మెనూలోకెళ్ళి స్కాన్ చెయ్యండి, మీరు పెట్టిన ఐడీ ఎదురుగా డిస్క్ పేరు రావాలి. పేరు వచ్చి చదివేటప్పుడు ఎర్రర్లు వస్తుంటే అదే మెనూలో ఆ ఐడీకి ట్రాన్స్‌ఫర్ స్పీడ్ తగ్గించి చూడండి, తగ్గిస్తే కుదురుకుందంటే డిస్క్‌ని అనుమానించే ముందు కేబుల్‌నీ టర్మినేటర్‌నీ మార్చి చూడండి. చదవడం మొదలైందంటే ఇంకే పనీ పెట్టుకోకుండా ముందు మొత్తం డిస్క్ ఇమేజ్ (డిస్క్‌లో ఉన్నదంతా ఒకే ఫైల్‌గా నకలు) తీసేసుకోండి.