పాత సీపీయూలో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టే ముందు పవర్ సంగతి చూసుకోండి

ముందు పక్క మూత తీసి ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) మీదున్న స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాల్లో 450 వాట్స్ అని ఉంటుంది, దాన్ని నమ్మకండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 18 ఆంపియర్లంటే 216 వాట్లే, ప్రాసెసర్ కూడా అందులోనే సర్దుకోవాలి.

కార్డు గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది మహా అయితే 75 వాట్లు. అందుకే ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ పీసీలకి జీటీఎక్స్ 1650 గానీ, 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ గానీ హాయి, విడిగా కేబుల్ అక్కర్లేదు (కొన్ని మోడళ్లకి 6 పిన్ సాకెట్ ఉంటుంది, ఫొటో చూసి కొనండి). ఆర్‌టీఎక్స్ 3060 కావాలంటే మాత్రం అది 170 వాట్లు లాగుతుంది, మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొనాల్సిందే.

హార్డ్‌డిస్క్‌కి వెళ్లే సాటా ప్లగ్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకి 8 పిన్ కరెంటు ప్లగ్ తీసే చవక అడాప్టర్ జోలికి వెళ్లొద్దు. సాటా ప్లగ్ తట్టుకునేది 54 వాట్లు, 8 పిన్‌లో 150 వరకు పారొచ్చు. నేను కక్కుర్తి పడి వాడాను, ఓ రాత్రి ఏదో కాలిన వాసన వస్తే మూత తీసి చూశాను, తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఒక మూల కరిగిపోయి ఉంది.

ఇంకోటి, కొన్ని బ్రాండెడ్ పీసీల బోర్డుకి ఎస్‌ఎంపీఎస్ నుంచి కరెంటు అందుకునే మామూలు 24 పిన్ సాకెట్ ఉండదు, 6 పిన్‌దో 8 పిన్‌దో ఉంటుంది. అలాంటి వాటికి కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో పాటు ఆ మోడల్‌కి సరిపోయే కన్వర్టర్ కేబుల్ కూడా తీసుకోండి.