ఫ్రెంచ్ ఆంపర్ఫె తప్పుతోందా? ముందు ‘ను’ రూపం చూడండి

ఆంపర్ఫె అంటే గతంలో సాగుతూ ఉన్న పనికీ, పాత అలవాటుకీ ఫ్రెంచ్‌లో వాడే క్రియారూపం. అందులో వచ్చే తప్పుల్లో చాలావాటికి మందు ఒకటే. వర్తమానంలో ‘ను’ (మేము) రూపం రాసి, చివరి ఓ-ఎన్-ఎస్ కొట్టేసి, మిగిలిన దానికి ప్రత్యయం తగిలించాలి. అందరూ చదివే ఉంటారు, పేపర్ మీద మాత్రం ఎవరూ చేయరు. ప్రత్యయాల పట్టిక మీకు వచ్చనే అనుకుని మొదలుపెడుతున్నాను.

లక్షణం: ప్రత్యయం సరిగ్గానే ఉంది, క్రియే వింతగా ఉంది

‘ప్రాఁద్ర్’ (తీసుకోవడం) నుంచి ‘జె ప్రాఁదె’ అనీ, ‘ఫినిర్’ (ముగించడం) నుంచి ‘జె ఫినె’ అనీ రాస్తున్నారా? అయితే డిక్షనరీ రూపానికి నేరుగా ప్రత్యయం అతికిస్తున్నారన్నమాట. ‘ఎర్’ గుంపు క్రియల్లో అలా చేసినా దొరికిపోరు కాబట్టి అలవాటు పడిపోతుంది.

‘ను ప్రెనోఁ’ నుంచి ‘జె ప్రెనె’ వస్తుంది. ‘ను ఫినిసోఁ’ నుంచి ‘జె ఫినిసె’, తాగడానికి ‘ను బ్యువోఁ’ నుంచి ‘జె బ్యువె’, రాయడానికి ‘ను ఏక్రివోఁ’ నుంచి ‘జేక్రివె’. ‘వు’ (మీరు) రూపం నుంచి మాత్రం మొదలుపెట్టకండి. ‘వు ఫెత్’, ‘వు దిత్’ రెండూ దారి తప్పిస్తాయి. ‘ను ఫెజోఁ’ నుంచి వచ్చే ‘వు ఫెజ్యే’, ‘ను దిజోఁ’ నుంచి వచ్చే ‘వు దిజ్యే’ సరైనవి.

ఈ సూత్రానికి లొంగనిది ‘ఎత్ర్’ (ఉండటం) ఒక్కటే. ‘ను సోమ్’ని వదిలేసి ‘ఏత్’కి ప్రత్యయాలు చేర్చాలి: జేతె, ను జేత్యోఁ. ‘ఇల్ ఫాలె’ (చేయాల్సి వచ్చేది), ‘ఇల్ ప్లోవె’ (వాన పడేది) క్రియలకు ‘ను’ రూపమే లేదు, ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోండి.

లక్షణం: పలికితే సరిగ్గా ఉంది, స్పెల్లింగుకే మార్కులు పోతున్నాయి

తినడానికి ‘మాఁజే’, మొదలుపెట్టడానికి ‘కొమాఁసే’. ప్రత్యయం ఇంగ్లిష్ ‘ఏ’ అనే అక్షరంతో మొదలైతే, దాని ముందున్న జి దగ్గర అదనంగా ఇ అక్షరం, సి కింద తోక ఉండాలి. ఐతో మొదలైతే ఆ రెండూ అక్కర్లేదు, ఐ అక్షరమే ఆ హల్లును మెత్తబరుస్తుంది. అందుకే ‘జె మాఁజె’లో ఇ ఉంటుంది, ‘ను మాఁజ్యోఁ’లో ఉండదు.

చదవడానికి ‘ఏత్యుద్యే’ అనే క్రియలో ‘ను’ రూపానికి రెండు ఐలు పక్కపక్కన వస్తాయి. అచ్చుతప్పేమో అని ఒకటి కొట్టేస్తే అది వర్తమానం అయిపోతుంది. మూలంలోది ఒక ఐ, ప్రత్యయంలోది ఇంకొకటి. నమ్మడానికి వాడే ‘క్ర్వార్’లో వై పక్కన ఐ రావడమూ ఇంతే.

లక్షణం: డిక్టేషన్‌లో మాట్లాడటం అనే క్రియకు ‘పర్లె’, ‘పర్లే’ తేడా తెలియడం లేదు

చాలామంది ఫ్రెంచ్ వాళ్ళ నోట కూడా ఆ తేడా సరిగ్గా వినిపించదు, చెవిని తప్పుపట్టకండి. ఆ చోట అమ్మడం అనే క్రియ పెట్టి చూడండి. ‘వాఁదె’ ఇమిడితే ఆంపర్ఫె, ‘వాఁద్యు’ ఇమిడితే పాసే కాంపోజే (జరిగి ముగిసిన పనిని చెప్పే గతకాల రూపం)లో భాగం, ‘వాఁద్ర్’ ఇమిడితే మూల రూపం. ఇక ‘వాళ్ళు’ రూపం చివర ఏ-ఐ-ఇ-ఎన్-టి ఉంటుంది కానీ, పలికేది ‘పర్లె’ అనే. ఆ ఎన్-టి నోట్లోకి రాకూడదు.

లక్షణం: రూపం తప్పులేదు, అయినా టీచర్ ఎర్ర గీత పెడుతున్నారు

అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు. ‘ఎక్కువసేపు జరిగితే ఆంపర్ఫె, చటుక్కున అయిపోతే పాసే కాంపోజే’ అని ఎవరో నేర్పిన సూత్రమే ఆ దొంగ. తేలికైన వాక్యాల్లో పనిచేస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. పద్నాలుగో లూయీ 1643 నుంచి 1715 దాకా, అంటే 72 ఏళ్ళు రాజ్యం చేశాడు. అంత పొడుగు కాలానికి కూడా ఫ్రెంచ్‌లో ‘ఇల్ ఆ రేన్యే’ అనే పాసే కాంపోజేనే. అదే ‘1700లో లూయీ రాజుగా ఉన్నాడు’ అన్నప్పుడు ‘రేన్యె’ అని ఆంపర్ఫె. మనిషీ మారలేదు, పాలనా మారలేదు. మొదటి వాక్యం మొదలూ చివరా కట్టేసి మొత్తం కాలాన్ని లెక్క చెప్పింది. రెండోది మధ్యలో నిలబడి చూసింది. చూడాల్సింది ఆ అంచులు, పొడవు కాదు.

దీన్ని పట్టుకోవడానికి ఇంగ్లిష్ మీద ఆధారపడితే దెబ్బతింటారు. అక్కడ ‘వెళ్ళాను’కీ ‘వెళ్ళేవాణ్ణి’కీ ఒకే రూపం సరిపోతుంది. తెలుగు వాక్యం పక్కన రాసుకోండి. ‘వెళ్ళేవాణ్ణి, తినేది, ఉండేవాళ్ళు’ వచ్చిందా, ఆంపర్ఫె. గతం చెబుతూనే ‘నిద్రపోతున్నాను, తెలుసు, కావాలి’ లాంటి వర్తమానంలా కనిపించే రూపం వచ్చిందా, అదీ ఆంపర్ఫెనే: ఫోన్ మోగినప్పుడు నిద్రపోతున్నాను, ‘జె దోర్మె’. ‘వెళ్ళాను, మోగింది’ అని వస్తే పాసే కాంపోజే.

ఇంగ్లిష్ దాచేసే కొన్ని తేడాలను తెలుగు విప్పి చూపిస్తుంది. అప్పటికే తెలుసు, ‘జె సవె’. అప్పుడు తెలిసింది, ‘జే స్యు’. భయంగా ఉండేది, ‘జవె పర్’. భయమేసింది, ‘జే యు పర్’.

ఎంతకాలం అని చెప్పే చోట ఒక చిన్న ప్రత్యయం చాలా పని చేస్తుంది. ‘మూడేళ్ళుగా అక్కడ ఉంటున్నాను, అప్పుడే ఉద్యోగం పోయింది’ అన్నప్పటి ‘గా’ ఫ్రెంచ్‌లో ‘దెప్వి’. ఆ క్షణానికి ఇంకా సాగుతూనే ఉంది కాబట్టి ఆంపర్ఫె. ‘మూడేళ్ళపాటు ఉన్నాను’లోని ‘పాటు’ ఫ్రెంచ్‌లో ‘పాఁదాఁ’. అక్కడ కాలం మూసేశారు, పాసే కాంపోజే. సార్లు లెక్కపెట్టినా ఇంతే: ‘మూడుసార్లు వెళ్ళాను’ పాసే కాంపోజే, ‘వారానికి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి’ ఆంపర్ఫె.

తెలుగు కూడా ఒక చోట మోసం చేస్తుంది: ‘ఉన్నాను, ఉంది’ రెండు వైపులా పోతాయి. దాన్ని ‘ఉండేది’గా మార్చి చూడండి, ‘ఉండిపోయింది’గా మార్చి చూడండి. ‘1950లో యానాం ఫ్రెంచ్ పాలనలో ఉంది’ని ‘ఉండేది’ అనవచ్చు, కాబట్టి ‘ఏతె’. ‘1954 దాకా ఫ్రెంచ్ పాలనలోనే ఉంది’ అంటే ‘ఉండిపోయింది’ అని, కాబట్టి ‘ఎ రెస్తే’. రెండో వాక్యంలో ‘దాకా’ చివరి అంచు గీసేసింది చూశారా.

లక్షణం: ‘ఆలె’ రాయాల్సిన చోట ‘ఇరె’ వస్తోంది

ఇదీ ఇంగ్లిష్ చలవే. అక్కడ పాత అలవాటు చెప్పేందుకూ, ‘అయితే వెళ్తాను’ అనే ఊహకూ ఒకే మాట వాడతారు. అలవాటైతే ‘జాలె’, ఊహైతే ‘జిరె’. ఈ ఊహ రూపాన్నే కండిషనల్ అంటారు. ప్రత్యయాలు రెండింటికీ ఒకటే, కండిషనల్‌లో మాత్రం ముందు ఒక ఆర్ ఉంటుంది.

‘సి’ (ఒకవేళ) పక్కన కండిషనల్ పెట్టడం కూడా ఈ కోవలోదే. ‘నా దగ్గర డబ్బుంటే కొనేదాన్ని’ అనేటప్పుడు ‘సి’ వెంట వచ్చే భాగంలో ‘జవె’ రావాలి, ‘జోరె’ కాదు. తెలుగులో ‘కొనేదాన్ని’ అని ఉన్నా ఇది అలవాటు కాదు, ఊహ. కాబట్టి కొనే భాగంలో కండిషనల్. ఫ్రెంచ్ బడిపిల్లలకు నేర్పే సామెతే ఉంది: ‘సి’లకు ‘రె’లు గిట్టవని.

అరుదుగా తగిలేవి

నవలల్లో, వార్తల్లో ఒక్కసారి జరిగిన ఘటనకు ఆంపర్ఫె కనిపిస్తే కంగారుపడకండి. అది శైలి కోసం వాడిన ప్రయోగం, మీరు రాయాల్సిన అవసరం రాదు. ‘జె వులె వు దెమాఁదే’ (మిమ్మల్ని ఒకటి అడుగుదామని) అనేది మర్యాద కోసం వాడే ఆంపర్ఫె, గతంతో దానికి పని లేదు. ‘ఇప్పుడే తిన్నాను’ని గతంలోకి జరిపితే ‘జె వెనె దె మాఁజే’ అనే అంటారు, అక్కడ పాసే కాంపోజే పెట్టడం కుదరదు.